బిడ్డను ఇంటికి తెచ్చుకునే ముందు
(కార్మిక కుటుంబాల ఆరోగ్య సభలో బాలింతల వార్డు నర్సు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



వారానికి దొరికే ఒక్క సెలవు రోజు. బట్టలు ఉతుక్కోవాలి, ఇంటికి ఫోన్ చేసుకోవాలి, కాస్త నిద్రపోవాలి. అవన్నీ పక్కనపెట్టి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

నేను ఇక్కడ, యు.ఏ.ఈ.లోనే, ఒక ఆస్పత్రిలో బాలింతల వార్డులో పనిచేస్తాను. కాన్పు అయిన తల్లిని ఇంటికి పంపేముందు బిడ్డకు పాలెలా పట్టాలి, ఎలా పడుకోబెట్టాలి, ఏ లక్షణం కనిపిస్తే పరుగెత్తుకు రావాలి అని నేర్పడం మా పని. "పాలివ్వడం గురించి మగవాళ్లకు చెప్పేదేముంది సిస్టర్, అక్కలొక్కళ్లనే కూర్చోబెట్టి చెప్పండి" అన్నారు ఈ సభ పెట్టిన తమ్ముడు ఒకరు. కాదు, మగవాళ్లకే ముందు చెప్పాలి అన్నాను.

ఎందుకంటే ఇక్కడికి భార్యను తెచ్చుకోవాలంటే నెల జీతం 4000 దిర్హాములు, లేదా వసతి కాక 3000 ఉండాలి. ఈ హాల్లో అంత జీతం ఉన్నవాళ్లు ఎందరో మీకే తెలుసు. మిగతావాళ్ల బిడ్డలు జగిత్యాలలోనో, నిజామాబాద్‌లోనో, కడపలోనో, కోనసీమలోనో పుడతారు. మీరు బిడ్డను మొదటిసారి చూసేది ఫోన్లో. అయినా ఆ ఇంట్లో డబ్బు నిర్ణయాలు మీవే. "పాలు సరిపోవట్లేదంట, డబ్బా పాలు పంపు" అని ఫోన్ వచ్చేది మీకే. ఆ ఫోన్‌కు మీరిచ్చే జవాబు మీద బిడ్డ ఆరోగ్యం చాలావరకు ఆధారపడి ఉంటుంది. అందుకని మొదట ఆ ఫోన్ గురించే మాట్లాడతాను.

ఆ ఫోన్ సాధారణంగా కాన్పు అయిన రెండో రోజు రాత్రో, మూడో రోజో వస్తుంది. అది ఎలా మొదలవుతుందో చూడండి. మొదటి రోజు బిడ్డ ఎక్కువ నిద్రపోతుంది. రెండో రాత్రి గంటగంటకూ లేచి ఏడుస్తుంది, రొమ్ము వదలదు. తల్లికి ఇంకా రొమ్ములు బరువెక్కలేదు. వస్తున్నది పసుపుపచ్చని చిక్కటి ముర్రుపాలు, అవీ కొంచెం కొంచెం. చూసినవాళ్లంతా "పాపం, పాలు పడలేదు" అంటారు. నిజానికి పాలు పడ్డాయి. మొదటి రోజు బిడ్డకు ఒక్కో విడతకు కావాల్సింది ఒకటి రెండు చిన్న చెంచాలే. ముర్రుపాలు సరిగ్గా అంతే వస్తాయి. తెల్లటి పాలు నిండుగా దిగడానికి రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది, ఆపరేషన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. రెండో రాత్రి బిడ్డ మాటిమాటికీ చీకడమే ఆ పాలను దింపుతుంది. గేదె దగ్గరికి దూడను వదిలితేనే చేపుతుందని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా, ఇదీ అంతే.

ఇప్పుడు ఆ రాత్రే సీసాతో డబ్బా పాలు పట్టారనుకోండి. బిడ్డ కడుపు నిండి నాలుగు గంటలు పడుకుంటుంది. ఇంట్లో అందరికీ ప్రాణం లేచొస్తుంది. కానీ ఆ నాలుగు గంటలు రొమ్మును ఎవరూ చీకలేదు. చీకని రొమ్ము పాలు తగ్గించుకుంటుంది. మర్నాడు పాలు నిజంగానే తక్కువ వస్తాయి, ఇంకో సీసా పడుతుంది. రెండు వారాలు తిరిగేసరికి "నాకు పాలు లేవు" అన్న మాట నిజమైపోతుంది. తల్లి ఒంట్లో లోపం ఏమీ లేకుండానే.

ఇక్కడ నుంచి ఊరెళ్లేవాళ్లు 30 కిలోల సామానులో రెండు డబ్బాలు పట్టుకెళ్తారు. ప్రేమతోనే, కాదనను. కొంచెం లెక్క వేద్దాం. పుట్టిన నెలలో బిడ్డకు రోజుకు సుమారు 600 మిల్లీలీటర్ల పాలు అనుకుంటే దానికి దాదాపు 80 గ్రాముల పొడి కావాలి. 400 గ్రాముల డబ్బా ఐదు రోజులకు అయిపోతుంది. మీ రెండు డబ్బాలు పది రోజులు. ఈ పది రోజుల్లో తల్లి పాలు తగ్గిపోయాయి. పదకొండో రోజున ఏం చేస్తారు? నెలకు ఆరు డబ్బాలు, బిడ్డ పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. డబ్బు అందని నెలలో ఇంటివాళ్లు మూడు చెంచాలు వేయాల్సిన చోట రెండు వేసి నీళ్లు ఎక్కువ పోస్తారు. బిడ్డకు కడుపు నిండినట్టే ఉంటుంది, బరువు మాత్రం పెరగదు. దానికి తోడు సరిగ్గా ఉడకబెట్టని సీసా, కాచని నీళ్లు, వాటితో విరేచనాలు. ఇంకో సంగతి, మన గదుల్లో టీలో కలుపుకునే పాలపొడిని కూడా పిల్లల డబ్బా అనుకుని పంపినవాళ్లు ఉన్నారు. అది పసిబిడ్డకు పట్టేది కానే కాదు. ఏడాది నిండేదాకా ఆవుపాలు, గేదెపాలు కూడా తల్లిపాలకు బదులు కావు.

డబ్బా పాలు ఎవరికీ వద్దని నేను అనడం లేదు. తల్లికి జబ్బు చేసి, లేదా బిడ్డ బరువు బాగా పడిపోయి డాక్టరు రాస్తే పట్టాల్సిందే. అలాంటి తల్లిని ఎవరూ ఒక్క మాట అనకూడదు. నేను వద్దనేది భయంతో మొదలుపెట్టే డబ్బాను. మన దేశంలో 1992 నుంచి ఒక చట్టం ఉంది. పసిపిల్లల పాలడబ్బాలకు, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదు, డబ్బా మీద బొద్దుగా ఉన్న బిడ్డ బొమ్మ వేయకూడదు. ఆ చట్టం ఊరికే రాలేదు.

మరి పాలు సరిపోతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? ఏడుపును బట్టి కాదు. మూత్రాన్ని బట్టి. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు. ఐదో రోజు నుంచి రోజుకు ఆరు, అంతకంటే ఎక్కువ గుడ్డలు తడవాలి. విరేచనం మొదట తారులా నల్లగా, తర్వాత ఆకుపచ్చగా, నాలుగైదు రోజులకు పసుపుగా మారాలి. బరువు మొదటి రోజుల్లో కొంచెం తగ్గుతుంది, భయపడొద్దు. మూడు కిలోల బిడ్డ 2 కిలోల 800 గ్రాములకు రావడం మామూలే. రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు తిరిగి చేరాలి. నూటికి పది వంతులు తగ్గితే మాత్రం ఆస్పత్రికి చూపించాలి.

కాబట్టి ఫోన్ వచ్చినప్పుడు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్ని గుడ్డలు తడిపాడు?" రెండో ప్రశ్న "రాత్రింబగళ్లు కలిపి ఎన్నిసార్లు పట్టారు?" ఎనిమిది నుంచి పన్నెండు సార్లు ఉండాలి. ఈ రెండింటికీ సరైన జవాబు వస్తే, "డబ్బా వద్దు, బిడ్డను అమ్మ దగ్గరే పడుకోబెట్టండి, అడిగినప్పుడల్లా పట్టమనండి" అని ధైర్యంగా చెప్పండి. అంత దూరం నుంచి మీరు చెప్పే ఆ ధైర్యం బాలింతకు చాలా పెద్దది.

ఇప్పుడు అక్కచెల్లెళ్లకు. పాలు పట్టేటప్పుడు నొప్పి పుడుతుంటే, చనుమొన చీరుకుపోతుంటే, బిడ్డ పట్టు సరిగా లేదని అర్థం. బిడ్డ కడుపు మీ కడుపుకు ఆనాలి. తల ఒక్కటే తిప్పకుండా ఒళ్లంతా మీ వైపు ఉండాలి. నోరు ఆవలించినంత పెద్దగా తెరిచాక రొమ్ముకు దగ్గరగా తేవాలి. మీరు వంగి రొమ్మును బిడ్డ నోట్లో కుక్కితే నడుం నొప్పే మిగులుతుంది. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. గడ్డం రొమ్ముకు ఆని, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. చప్పరించే శబ్దం కాదు, గుటక వినిపించాలి. పట్టు సరిగా లేకపోతే లాగేయకండి. చిటికెన వేలు శుభ్రంగా కడుక్కుని బిడ్డ నోటి మూలలో పెడితే వదులుతుంది, మళ్లీ పట్టించండి. తర్వాత భుజాన వేసుకుని వీపు నిమిరితే త్రేన్పు వస్తుంది. కొంచెం పాలు కక్కితే కంగారు లేదు. ఆకుపచ్చగా కక్కితే మాత్రం ఆ నిమిషమే ఆస్పత్రికి.

పెద్దాపరేషన్ అయినవాళ్లు "నాకు ఆపరేషన్ కదా, పాలు మూడో రోజు నుంచి" అనుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు ఆపరేషన్లే. అంటే ఈ అపోహ సగం కంటే ఎక్కువ ఇళ్లలోకి వస్తుంది. నడుముకు మత్తు ఇచ్చి చేసిన ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. మొదటి గంటలోనే బిడ్డను ఛాతీ మీద పెట్టించుకోవచ్చు. కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను చంక కిందుగా పక్కకు పెట్టుకుని పట్టవచ్చు. ఈ పద్ధతి చూపించమని నర్సును అడగండి.

అడగడం గురించి ఒక మాట. ఇక్కడి ఆస్పత్రుల్లో నర్సు మలయాళీ అయి ఉంటుంది, ఫిలిప్పీన్స్ అమ్మాయి అయి ఉంటుంది. డాక్టరు అరబ్బీ మాట్లాడతారు. మన ఆడపిల్ల మంచం మీద నుంచి అన్నిటికీ "యస్ సిస్టర్" అంటుంది. అర్థమయ్యే అంటుందా? నాకు తెలుసు, కాదు. సిగ్గు, అలసట, మళ్లీ అడిగితే ఏమనుకుంటారో అన్న భయం. మాకు శిక్షణలో నేర్పింది ఏమిటంటే, చెప్పి వదిలేయకూడదు, తల్లి చేత చేయించి చూడాలి. పది నిమిషాలు పోయినా ఆ పని మానకూడదు. హడావిడిలో ఎవరైనా మానేస్తే మీరే "నేను చేస్తాను, మీరు చూడండి సిస్టర్" అనండి. ఇంటికి పంపే కాగితం మీద సంతకం పెట్టేముందు ఒకసారి మీ చేత్తో పాలు పట్టి చూపించండి, ఒకసారి గుడ్డ మార్చి చూపించండి. భర్త పక్కన ఉంటే ఫోన్లో వీడియో తీసుకోనివ్వమని అనుమతి అడగండి. రెండో రాత్రి గదిలో ఎవరూ లేనప్పుడు ఆ వీడియోనే మీకు సిస్టర్.

ఇక ఆచారాలు. మా అమ్మమ్మలు చేసినవన్నీ తప్పని నేను అనను. బాలింతను మూల గదిలో పెట్టి ఏ పనీ చెప్పకపోవడం ఎంత మంచి పద్ధతి! ఇక్కడ ఉద్యోగం చేసే ఆడవాళ్లకు అదే కరువు. నూనెతో మెల్లగా ఒళ్లు నిమరడం మంచిదే. కొన్ని మాత్రం మానాలి. ముర్రుపాలు పిండి పారబోయొద్దు, రోగాలను తట్టుకునే శక్తి వాటిలోనే ఉంది. పుట్టగానే తేనె నాకించొద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనెతో ప్రాణం మీదికి తెచ్చే ఒక రకం విషక్రిమి సోకవచ్చు. ఆముదం తాగించొద్దు. చెవుల్లో నూనె పోయొద్దు, ముక్కులో నూనె ఊదొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పుట్టిన బిడ్డకు, మగబిడ్డకైనా సరే, రొమ్ములు కొంచెం ఉబ్బి పాలచుక్క రావడం మామూలు. తల్లి ఒంటి నుంచి వచ్చిన ప్రభావం అది, తనంతట తగ్గుతుంది. పిండితే చీము పడుతుంది. కళ్లకు కాటుక వద్దు, ఇక్కడి బజారులో దొరికే సుర్మాలో సీసం ఉండవచ్చు. బొడ్డు మీద పసుపు, బూడిద, నూనె ఏదీ పెట్టొద్దు. పొడిగా వదిలేస్తే ఒకటి రెండు వారాల్లో రాలిపోతుంది. గదినిండా సాంబ్రాణి పొగ వేస్తే ముందు దగ్గేది బిడ్డే. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతారు. తల తనంతట గుండ్రంగా వస్తుంది, బిడ్డ పక్కలో దిండే ఉండకూడదు. వెల్లకిలా పడుకోబెట్టాలి, ముఖం మీద గుడ్డ కప్పకూడదు.

తల్లి పథ్యం గురించి అత్తగారితో, అమ్మతో గొడవ పడమని చెప్పను. కానీ కారంపొడి అన్నం, అరగ్లాసు నీళ్లతో పాలెక్కడి నుంచి వస్తాయి? దాహమేసినన్ని నీళ్లు తాగాలి, మామూలు కంటే ఇంకో పూట తిండి తినాలి. పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర అన్నీ తినవచ్చు. అన్నలూ, ఇది మీరు చెబితేనే జరుగుతుంది. మొదటి కాన్పు పుట్టింట్లో కదా, అల్లుడి మాటకు ఆ ఇంట్లో ఎంత విలువ ఉంటుందో మీకు తెలుసు. "అత్తయ్యా, డాక్టరు అన్నీ పెట్టమన్నారట, మీ చేత్తో పెడితే నాకు ధైర్యం" అంటే సరిపోతుంది.

ఈ ఎడారి దేశంలో బిడ్డను పెంచేవాళ్లకు రెండు మూడు సంగతులు. ఎంత ఎండాకాలమైనా ఆరు నెలల దాకా బిడ్డకు నీళ్లు అక్కర్లేదు, తల్లిపాలలోనే ఉన్నాయి. ఏసీ వేసుకోండి, గాలి నేరుగా బిడ్డ మీదికి కొట్టకుండా చూడండి, మీకంటే ఒక పొర బట్ట ఎక్కువ చాలు. మనం ఎండలోకి వెళ్లం, ఇళ్లలో కిటికీలూ తెరవం కాబట్టి డాక్టరు విటమిన్ డి చుక్కలు రాస్తారు, రోజుకు 400 యూనిట్లు. ఒక కంపెనీ సీసాలో అది ఒక్క చుక్క, ఇంకో సీసాలో ఒక మిల్లీలీటరు. సీసా మారినప్పుడల్లా కొలత మళ్లీ అడగండి. కారులో బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని రాకూడదు. నాలుగేళ్ల లోపు పిల్లలకు వేరే సీటు ఉండాలని ఇక్కడ 2017 నుంచి నిబంధన.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ లక్షణాలు రాసుకోండి, ఫోన్లో టైపు చేసుకోండి. బిడ్డ పాలు తాగడం మానేస్తే. కదిలిస్తే తప్ప కదలకుండా మగతగా ఉంటే. ఫిట్స్ వస్తే. చంకలో థర్మామీటరు పెడితే 37.5 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ ఉంటే, లేదా 35.5 కంటే తగ్గితే. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతుంటే. పుట్టిన 24 గంటల్లోపే పచ్చకామెర్లు కనిపిస్తే, లేదా ఎప్పుడైనా అరచేతులు, అరికాళ్లు పసుపెక్కితే. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. రెండో మూడో రోజు వచ్చే లేత కామెర్లు చాలామందికి తగ్గిపోతాయి, కానీ ఎండలో పెట్టడం వైద్యం కాదు. అందులోనూ ఇక్కడి ఎండలోనా! ఎక్కువైన కామెర్లకు ఆస్పత్రిలో నీలి లైటు కింద పెడతారు. ఆలస్యమైతే అవి మెదడుకు ఎక్కుతాయి.

ఇవి ఫోన్లో కూడా చూడవచ్చు, అందుకే చెబుతున్నాను. వీడియో కాల్‌లో బిడ్డ ముఖం చూసి మురిసిపోయాక, చొక్కా ఒకసారి పైకెత్తమనండి. బిడ్డ నిద్రలో ఉండగా పొట్ట పైకీ కిందికీ ఎన్నిసార్లు కదులుతుందో గడియారం పెట్టి నిండు నిమిషం లెక్కపెట్టండి. 60, అంతకంటే ఎక్కువ వస్తే మళ్లీ ఒకసారి లెక్కపెట్టండి. రెండోసారీ అంతే ఉంటే 108కి ఫోన్ చేయమనండి. అరచేయి, అరికాలు పగటి వెలుగులో చూపించమనండి. లైటు కింద కాదు, ఫోన్ రంగు మోసం చేస్తుంది. కొంచెం అనుమానం వచ్చినా పక్కనున్న ఆశా కార్యకర్తను పిలవమనండి. ఆస్పత్రి కాన్పు అయితే ఆమె 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. రాకపోతే అడిగే హక్కు మీ ఇంటివాళ్లకు ఉంది. జబ్బు చేసిన పసిబిడ్డకు సర్కారు దవాఖానాలో మందులు, పరీక్షలు, రాకపోకల బండి ఉచితం. 2011 నుంచి ఆ పథకం ఉంది. అప్పు చేసి ప్రైవేటుకు పరుగెత్తే ముందు జిల్లా ఆస్పత్రిలోని నవజాత శిశువుల వార్డు గుర్తుంచుకోండి.

బిడ్డనే కాదు, తల్లినీ చూడండి. గంటకో గుడ్డ పూర్తిగా తడిసేంత రక్తం పోయినా, జ్వరం వచ్చినా, తల పగిలేలా నొప్పితో కళ్లు మసకబారినా, ఒక కాలు వాచి నొప్పి పెట్టినా ఆస్పత్రికి. మొదటి వారంలో ఊరికే ఏడుపు వస్తుంది, పోతుంది. రెండు వారాలు దాటినా ఏడుస్తుంటే, బిడ్డ మీద మనసు పోవట్లేదంటే, అది పొగరూ కాదు గాలీ కాదు. జబ్బు, మందుంది.

ఉద్యోగం చేసే అక్కలకు: ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం కాన్పు సెలవు 60 రోజులు. 45 రోజులు పూర్తి జీతం, 15 రోజులు సగం. పనిలో చేరాక బిడ్డకు ఆరు నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు, రెండూ కలిపి గంటకు మించకుండా. తండ్రికి ఐదు పనిదినాల సెలవు, ప్రైవేటు కంపెనీలోనూ. ఇళ్లలో పనిచేసే అక్కలకు ఈ చట్టం వర్తించదు, నాకది బాధగానే ఉంది. పిండిన పాలు శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంచవచ్చు. గదిలో ఏసీ లేకపోతే నాలుగు గంటలు కూడా ఉంచకండి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. సీసా కంటే మన ఉగ్గుగిన్నె మేలు, కడగడం తేలిక.

ఇక్కడ పుట్టిన బిడ్డకు ఏడాది లోపు భారత కాన్సులేట్‌లో జనన నమోదు చేయించి పాస్‌పోర్టు తీసుకోండి. రెసిడెన్స్ వీసాకు గడువు 120 రోజులు. ఊరికి పంపేటప్పుడు టీకా కార్డు బిడ్డతో పాటే వెళ్లాలి. ఇక్కడి టీకాల తేదీలు, మన ఊరి తేదీలు ఒకటి కావు, ఏఎన్ఎంకు ఆ కార్డు చూపిస్తే ఆమె చూసుకుంటుంది.

నా దగ్గర మూడు బొమ్మలున్నాయి, నిజం బిడ్డల బరువే. ముందు వరుసలోని అన్నలు రండి. మెడ కింద చేయి పెట్టి ఎత్తుకోవడం, భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, గుడ్డ కట్టడం, ఒక్కొక్కరూ నా ముందు చేసి చూపించాలి. సిగ్గుపడే తమ్ముళ్లు వెనక్కి వెళ్లకండి, మీ పేరే ముందు పిలుస్తాను.